బళ్ళారిలో ఓటడగడానికి వచ్చినవాళ్ళు

ఈ పోస్టు కొంచెం పెద్దదే. ఆదివారం కాఫీ తాగి తీరిగ్గా చదవండి. చదివాక కోపం వస్తే ఇక్కడే రాయండి, అందరం చూస్తాం.

పోయిన నెల మన సంఘం మీటింగుకు ఒక కుర్రాడు వచ్చిన సంగతి వచ్చినవాళ్ళకు తెలుసు. రానివాళ్ళ కోసం చెబుతున్నాం. వయసు ముప్పై ఐదుంటుంది. వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో మన వార్డు నుంచి నిలబడాలనుకుంటున్నాడు. టికెట్ వస్తే పార్టీ తరఫున, రాకపోతే సొంతంగా. పేరు ఇక్కడ రాయం, ఇంకా నామినేషన్ వేయలేదు కాబట్టి. చేతిలో అచ్చు వేయించిన కాగితం ఉంది. అందులో ఆరు అంశాలు. రోజు విడిచి రోజు కొళాయి నీళ్ళు, భూగర్భ డ్రైనేజీ, రైల్వే గేట్ల దగ్గర ఇబ్బంది, జీన్స్ కుట్టేవాళ్ళకు సాయం, దుమ్ము, ఆఖరున తెలుగు భవనం. ఆరోదాన్ని ముందు చదివాడు. చప్పట్లు మోగాయి. మేమూ కొట్టాం. తర్వాత "నేను మీవాణ్ణి, మీ ఇంటి బిడ్డను" అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

అప్పుడు వెనక వరసలోంచి మన రిటైర్డ్ టీచరమ్మ లేచింది. "బాబూ, ఎండాకాలం కాలువ కట్టేశాక అల్లీపురం చెరువులో మన ఊరికి ఎన్ని రోజుల నీళ్ళుంటాయి?" అని అడిగింది. కుర్రాడు కాగితం చూసుకున్నాడు. అందులో లేదు. "కనుక్కుని వచ్చి చెబుతానమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది మంచిదే.

అతను వెళ్ళాక కమిటీలో మాట వచ్చింది. సంఘం లెటర్‌హెడ్ మీద మద్దతు ఉత్తరం ఇచ్చేద్దామని కొందరు. "మనోడు, ఇంకేం కావాలి?" అని. కొంచెం ఆగుదామని ఇంకొందరు. మేము ఆగుదామన్నవాళ్ళలో ఉన్నాం. ఎందుకు ఆగమన్నామో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాం. మీటింగులో మాట్లాడటం మాకు రాదు, అందుకని రాస్తున్నాం.

మేము అంటే ఎవరని కొత్తవాళ్ళు అడుగుతారు. సాయంత్రం స్టేషన్ రోడ్డు టీ కొట్టు దగ్గర చేరే నలుగురు రిటైర్డ్ రైల్వేవాళ్ళం. గుర్తు చేసేవి నాలుగు బుర్రలు, రాసే చెయ్యి ఒకటి. ఆ రాసే చెయ్యి చదివింది తమిళ మీడియంలో, అరక్కోణం వైపు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగం ఇంగ్లీషులో, కాపురం కన్నడ ఊళ్ళో. తెలుగు అక్షరాలు నాన్న క్యాలెండరు చూపించి నేర్పాడు. ఒత్తులు తప్పితే టీచరమ్మ ఎలాగూ దిద్దుతుంది.

నాన్న కూడా రైల్వేనే. గుంతకల్లు డివిజన్ 1977 అక్టోబరు దాకా సదరన్ రైల్వే కింద ఉండేది. అందుకే ఆ కాలంలో అరక్కోణం మనుషులు గుంతకల్లుకు, గుంతకల్లు మనుషులు అరక్కోణానికి బదిలీల మీద తిరిగేవాళ్ళు. తర్వాత సౌత్ సెంట్రల్ అయింది. 2003లో హుబ్బళ్ళి కేంద్రంగా సౌత్ వెస్టర్న్ రైల్వే వచ్చింది, బళ్ళారి స్టేషన్ దాని కిందికి పోయింది. జోన్ల పేర్లు మారినప్పుడల్లా రబ్బరు స్టాంపులు మార్చుకున్నాం. బండి మాత్రం అదే పట్టాల మీద అదే టైముకు, అంటే అదే ఆలస్యంతో, వచ్చేది.

ఈ బదిలీల బతుకులో ఒక మాట మూడు భాషల్లో విన్నాం. తమిళంలో "నమ్మ ఆళు". కన్నడంలో "నమ్మోరు". తెలుగులో "మనోడు". ఎన్నికలు వస్తే మూడు భాషలవాళ్ళూ దీన్నే వాడతారు. ఈ మాట మన ఊరికి ఏం చేసింది, ఏం చేయలేదు అనేదే ఈ పోస్టు.

ముందు పాత సంగతి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలం అన్న పేరు అప్పటిదే. థామస్ మన్రో మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు. 1808లో దీన్ని బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. అప్పటి బళ్ళారి జిల్లాలో అనంతపురం కూడా ఉండేది, 1882లో విడిపోయింది. కంటోన్మెంటు, సిపాయిలు, పత్తి వ్యాపారం, తర్వాత రైలు, వీటితో ఊరు పెరిగింది. మనం రోజూ పలికే బ్రూస్‌పేట, మిల్లర్‌పేట దొరల పేర్లే. పల్టనుతో తమిళులు వచ్చారు, బజారుతో ఉర్దూ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని కన్నడం, కొన్ని తెలుగు, చాలావాటిలో రెండూ.

ఆ ఊరు మున్సిపాలిటీ అయ్యాక దానికి ఛైర్మన్‌గా ఉన్నవాళ్ళలో ఒకరు ఎ. సభాపతి మొదలియార్. పేరులోనే తమిళం ఉంది. వర్తకుడు. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ మొట్టమొదటి సభ జరిగితే బళ్ళారి నుంచి వెళ్ళినవాడాయన. గుత్తి నుంచి కేశవ పిళ్ళె వెళ్ళారు, ఆయనదీ తమిళ మూలమే. దత్తమండలం తరఫున మాట్లాడటానికి ఇద్దరు తమిళ మూలాలవాళ్ళు వెళ్ళినందుకు అప్పటి తెలుగువాళ్ళు గానీ కన్నడంవాళ్ళు గానీ గోల చేసినట్టు మేమెక్కడా చదవలేదు. అప్పుడు ఓటు అందరికీ లేదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి. పన్ను కట్టే కొద్దిమందికే. కాబట్టి ఆ రోజులు బంగారమని మేమనడం లేదు.

ఆ తరానికి ఒక జ్ఞాపకం మాత్రం గట్టిగా ఉండేది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు. తమిళ బడిలో మాకు "తాదు వరుషప్ పంజం" అని పాఠంగా చెప్పారు. అక్కడ అది పాఠం, ఇక్కడికి వచ్చాక తెలిసింది ఈ జిల్లా అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటని. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య పెరగాల్సిన జనం తగ్గారు. ఏడాదికి యాభై సెంటీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు మనది. నీళ్ళే ఇక్కడి మొదటి సమస్య. ఇది ఏ పార్టీ కాగితం మీదా కొత్తగా రాయాల్సింది కాదు.

ఇదే ఊళ్ళో తెలుగు నాటకం పెరిగింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ, తర్వాత బళ్ళారి రాఘవ. ఇదంతా మన సంఘం మీటింగుల్లో ప్రతి ఏడాదీ చెప్పుకుంటాం. గర్వపడాల్సిందే. ఆ నాటకాలు చూసినవాళ్ళలో ఇళ్ళలో కన్నడం మాట్లాడేవాళ్ళూ ఉన్నారని కూడా చెప్పుకుంటే బాగుంటుంది. రాఘవ గారి కీర్తి ఆ ఊరంతటిదీ.

ఇక అసలు మలుపు. 1952లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. బళ్ళారి నుంచి లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున టేకూరు సుబ్రహ్మణ్యం గారు గెలిచారు. అప్పటికి మనది మద్రాసు రాష్ట్రం. ఆ డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది, బళ్ళారి ఎటు అన్నది తేలలేదు. జస్టిస్ వాంఛూ నివేదిక వచ్చింది. 1953 మార్చి 25న నెహ్రూ పార్లమెంటులో ప్రకటన చేశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. హోస్పేట, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి, సిరుగుప్ప మైసూరుకు. బళ్ళారి తాలూకా ఒక్కటీ నడుమ మిగిలింది. దానికోసం జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాను వేశారు. ఆయన ఇక్కడికి వచ్చి విచారించి మైసూరుకే ఇవ్వమన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజే మన ఏడు తాలూకాలు మైసూరులో కలిశాయి.

అక్కడితో అయిపోలేదు. ఫజల్ అలీ అధ్యక్షుడుగా ఉన్న రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరులో నివేదిక ఇస్తూ బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను, తుంగభద్ర డ్యాము ఉన్న మల్లాపురం ఉపతాలూకాలో కొంత భాగాన్ని ఆంధ్రకు ఇవ్వమంది. మళ్ళీ రెండు వైపులా సభలు, ఊరేగింపులు. చివరకు పార్లమెంటు ఆ సిఫారసును తీసుకోలేదు. 1956 నవంబరు 1 నుంచి ఇక కదలికలేదు.

ఆ నాలుగేళ్ళలో ఈ ఊళ్ళో పెద్దలు ఎంత నలిగారో మన ఇళ్ళల్లో కథలుగా విన్నాం. ఒకే ఇంట్లో అన్న విశాలాంధ్ర, తమ్ముడు కర్ణాటక. ఒకే వీధిలో పక్కపక్క అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. తెలుగువాళ్ళకు ఊరు చేజారిందని బాధ, కన్నడంవాళ్ళకు ఊరు ఎక్కడ పోతుందోనని భయం. రెండూ నిజమైనవే. ఎవరిది న్యాయమని ఇప్పుడు తీర్పు చెప్పడానికి మేము జస్టిస్ మిశ్రా కాదు.

మేం చెప్పదలచుకున్నది వేరు. ఆ నాలుగేళ్ళూ ఓటడగడానికి వచ్చిన ఏ మనిషినైనా ఊరు అడిగిన ప్రశ్న ఒక్కటే: నువ్వు అటా, ఇటా? కొళాయి ఎక్కడిదాకా వస్తుంది, మురుగు ఎక్కడికి పోతుంది అని అడగడానికి ఊరికి తీరిక లేకపోయింది. తమాషా ఏమిటంటే నీళ్ళు వచ్చింది సరిగ్గా అప్పుడే. 1945 ఫిబ్రవరిలో పునాదిరాయి పడ్డ తుంగభద్ర డ్యాము 1953లో కాలువలకు నీళ్ళు వదిలే దశకు వచ్చింది. రాష్ట్రం విడిపోతోంది కాబట్టి నీళ్ళ పంపకానికి తుంగభద్ర బోర్డు పెట్టారు. హెచ్చెల్సీ, ఎల్లెల్సీ కాలువలు మన జిల్లా మీదుగానే అనంతపురం, కర్నూలు వైపు పోతాయి. మనుషులు గీసుకున్న సరిహద్దును అవి రోజూ దాటుతాయి, మేము టికెట్లు కోసిన బండ్లలాగే.

ఇంకో సంగతి చూడండి. మైసూరులో కలిశాక 1957లోనూ, 1962లోనూ బళ్ళారి లోక్‌సభకు గెలిచింది అదే టేకూరు సుబ్రహ్మణ్యం గారు. రాష్ట్రం మారింది, గొడవ జరిగింది, అయినా జనం తెలుగు పేరున్న మనిషినే మళ్ళీ రెండుసార్లు పంపారు. "మనోడు" అనే మాటకు అర్థం మనం అనుకున్నంత ఇరుకు కాదని అప్పటి ఓటర్లకు తెలుసు.

ఇక మేము కళ్ళారా చూసింది 1999. సోనియా గాంధీ గారు బళ్ళారిలో నామినేషన్ వేశారు. చివరి గడియలో సుష్మా స్వరాజ్ గారు వచ్చి ఎదురు నిలబడ్డారు. పార్సిల్ ఆఫీసులో మాకు ఆ నెలంతా జెండాల మూటలు, పోస్టర్ల కట్టలు, టోపీల అట్టపెట్టెలు. ఢిల్లీ విలేకరులు ప్లాట్‌ఫారం మీద నిలబడి హోటలెక్కడని మమ్మల్ని అడిగేవాళ్ళు. సుష్మ గారు కొద్దిరోజుల్లో కన్నడం నేర్చుకుని సభల్లో మాట్లాడితే జనం మురిసిపోయారు. మేమూ మురిసిపోయాం, ఎండలో నిలబడి విన్నాం. చివరకు సోనియా గారు యాభై ఆరు వేల ఓట్ల తేడాతో గెలిచారు. అమేథీలో కూడా గెలిచారు కాబట్టి దాన్ని ఉంచుకుని దీన్ని వదిలేశారు. 2000లో ఉప ఎన్నిక వచ్చింది, కోళూరు బసవనగౌడ గారు గెలిచారు.

ఆ ఎన్నికను ప్రపంచమంతా చూసింది. ఇద్దరూ పెద్ద మనుషులే, వాళ్ళను తప్పు పట్టడం లేదు. తప్పు మాది. అంత పెద్దవాళ్ళు మన ఊరి నడివీధిలో నెలరోజులు తిరిగితే, మనం వాళ్ళను ఫోటో అడిగాం. ఒక్క కొళాయి సంగతీ అడగలేదు. ఓట్లు లెక్కపెట్టాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. మూటలు కట్టిన గోనెసంచులు మాత్రం చాలారోజులు గోడౌన్లో ఉండిపోయాయి.

తర్వాతి పదేళ్ళు ఇనుప ఖనిజానివి. చైనాకు ఖనిజం కావాల్సి వచ్చింది, ధర ఎగిరింది, లారీలు వచ్చాయి. తోరణగల్లులో ఉక్కు ఫ్యాక్టరీ పెరిగింది. కుడతినిలో థర్మల్ కరెంటు వచ్చింది. 2004లో మన మున్సిపాలిటీ సిటీ కార్పొరేషన్ అయింది. అదే ఏడాది లోక్‌సభ స్థానం కాంగ్రెస్ చేతి నుంచి మొదటిసారి జారింది. 1901లో యాభై ఎనిమిది వేల మంది ఉన్న ఊరు 2001కి 3 లక్షల 16 వేలు, 2011కి 4 లక్షలు దాటింది. అద్దెలు పెరిగాయి, బంగారం దుకాణాలు పెరిగాయి, ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఇటుక రంగు అయ్యేది. 2011 జూలైలో లోకాయుక్త నివేదిక వచ్చింది, రెండు రోజులకే సుప్రీం కోర్టు జిల్లాలో మైనింగు ఆపింది. లారీలు ఆగిపోయాయి. ఊరికి వచ్చిన జనం మాత్రం వెనక్కి పోలేదు. ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లల్ని బడిలో వేశారు. వాళ్ళకూ నీళ్ళు కావాలి.

ఇక దగ్గరి సంగతులు. 2021 ఏప్రిల్‌లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. 39 వార్డులు. కాంగ్రెస్‌కు 21, బీజేపీకి 13, స్వతంత్రులకు 5. గెలిచాక మేయర్ ఎన్నిక జరగడానికి మరుసటి ఏడాది దాకా పట్టింది. మన రాష్ట్రంలో కార్పొరేషన్ మేయర్ పదవి ఏడాది చొప్పున మారుతుంది. రిజర్వేషనూ మారుతుంది. ఒక పైపులైను పని లెక్కలు వేసి, టెండరు పిలిచి, తవ్వి, పూడ్చేసరికి ఎన్నేళ్ళు పడుతుందో మనకు తెలుసు. ఈలోగా ముగ్గురు మేయర్లకు దండలు వేస్తాం.

2023లో శాసనసభ ఎన్నికలు. బళ్ళారి సిటీలో ముఖ్యమైన పోటీదారులు ముగ్గురు. కాంగ్రెస్ నుంచి నారా భరత్ రెడ్డి, కల్యాణ రాజ్య ప్రగతి పక్షం నుంచి గాలి లక్ష్మీ అరుణ, బీజేపీ నుంచి గాలి సోమశేఖర రెడ్డి. భరత్ రెడ్డి గెలిచారు. ఎవరు మంచి, ఎవరు చెడు అని ఇక్కడ చర్చ పెట్టకండి, అడ్మిన్ తీసేస్తాడు. మేం చూపించేది ఒక్కటే. ముగ్గురి పేర్లూ తెలుగు చెవికి సొంతంగా వినిపించేవే. 1953లో ఊరిని రెండుగా చీల్చిన ఆ కొలకర్ర 2023లో ఎందుకూ పనికి రాలేదు. ముగ్గురూ మనోళ్ళే అయినప్పుడు ఎవరికి వెయ్యాలి? అప్పుడైనా ఇంకో కొలకర్ర వెతుక్కోవాలి కదా.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాం. చాలా ఏళ్ళ కిందట, ఒక వార్డు ఎన్నికలో, మనం ఇలాగే మద్దతు ఉత్తరం ఇచ్చాం. ఎవరికన్నది వద్దు. ఆ ఉత్తరం కింద మా సంతకాలూ ఉన్నాయి. దానికి బదులుగా మన హాలు ఆవరణలో బోరు వేయించారు, మోటారు పెట్టించారు. మనం రిబ్బను కత్తిరించాం. హాలు వెనక సందులో పది పన్నెండు ఇళ్ళున్నాయి, జీన్స్ కుట్టేవాళ్ళవి. మూడు భాషలవాళ్ళూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ సందుకు పైపు వేస్తామన్నది కూడా మాటల్లో ఉండేది. అది రాలేదు. మనం మళ్ళీ అడగలేదు. మన ట్యాంకు నిండుతోంది కదా. రెండు వేసవులు ఆ ఇళ్ళ ఆడపిల్లలు బిందెలతో మన గేటు దగ్గర నిలబడ్డారు. మోటారు కాలుతుందని వాచ్‌మన్ గేటు వేసేవాడు. వెయ్యమన్నది మన కమిటీయే. మూడో ఏడు బోరు ఎండిపోయింది. అప్పుడు మనమూ ట్యాంకరు కోసం ఆ సందు జనంతో పాటే నిలబడ్డాం.

ఉత్తరం తొందరపడి ఇవ్వద్దని మేమన్నది ఇందుకు. ఆ కుర్రాడి మీద అనుమానంతో కాదు, మన మీద అనుమానంతో.

ఇప్పుడు అతని ఆరు అంశాలు చూద్దాం. మాకు తెలిసిన పాత సంగతులు పక్కన పెట్టుకుని.

నీళ్ళు. ఊరికి వచ్చేవి అల్లీపురం, మోకా నిల్వ చెరువుల నుంచి. వాటికి వచ్చేవి తుంగభద్ర కాలువల నుంచి. డ్యాము కట్టినప్పుడు నిల్వ 133 టీఎంసీలు, పూడిక పడి పడి ఇప్పుడు 105కు దిగింది. 2024 ఆగస్టు 10 రాత్రి పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మనమంతా టీవీ ముందు నుంచి లేవలేదు. కన్నయ్య నాయుడు గారు వచ్చి, నీళ్ళు పారుతుండగానే స్టాప్‌లాగ్ దింపించి ఆపారు. ఆ వారం ఆయనది ఏ భాష, వెల్డింగు చేసినవాళ్ళది ఏ కులం అని ఎవరైనా అడిగారా? కాబట్టి కార్పొరేటరును అడగాల్సింది రోజు విడిచి రోజు ఇస్తావా అని కాదు. చెరువులో ఎంత ఉంది, ఏ వీధికి ఏ రోజు, ఆ పట్టిక వార్డు ఆఫీసు గోడ మీద అతికిస్తావా అని. రైల్వేలో మాకు తెలిసిన నీతి ఇది. బండి ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు, ఎంత ఆలస్యమో బోర్డు మీద రాయకపోతే కొడతారు.

డ్రైనేజీ. 1976 నాటి కార్పొరేషన్ల చట్టం ప్రకారం మురుగు, చెత్త, వీధి దీపాలు కార్పొరేషన్ తప్పనిసరిగా చేయాల్సిన పనులు. అడిగి తెచ్చుకునే దయ కాదు. తవ్విన రోడ్డు ఎన్ని రోజుల్లో పూడుస్తారన్నది ముందే రాయించుకోవాలి.

రైల్వే గేట్లు. దీని మీద మాకు కొంచెం అధికారం ఉంది. సుధా క్రాస్ గేటు దగ్గర నిలబడ్డ జనం మమ్మల్ని తిట్టని రోజు లేదు. దుర్గమ్మ గుడి దగ్గర కింద దారిలో వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. కానీ పై వంతెన కట్టడం రైల్వే, రాష్ట్రం కలిసి చేసే పని. కార్పొరేటరు కట్టలేడు. కట్టిస్తానంటే తెలియక అన్నా అనాలి, తెలిసి అన్నా అనాలి. కింద దారిలో నీళ్ళు తోడే మోటారు వానాకాలానికి ముందే పని చేస్తోందా లేదా అని చూడటం మాత్రం అతని చేతిలో పనే.

జీన్స్. 2023 ప్రచారంలో జీన్స్ పార్కు మాట గట్టిగా వినిపించింది. వస్తే మంచిదే, మన వెనక సందు బతుకుతుంది. అయితే జీన్స్ ఉతకడానికి నీళ్ళు బోలెడు కావాలి. ఆ నీలం నీళ్ళు ఎక్కడో పోవాలి. మొదటి అంశం, రెండో అంశం, నాలుగో అంశం కలిపి చదివితేనే అర్థమవుతుంది. కాగితం మీద విడివిడిగా ఉన్నాయి.

దుమ్ము గురించి ఎక్కువ చెప్పం. ఖనిజం బండి ఊరి మీదుగా పోతే టార్పాలిన్ కట్టాలి, రోడ్డు పక్క మట్టి ఎత్తాలి. చిన్న పనులే. రోజూ చెయ్యాలి, అందుకే ఎవరూ చెయ్యరు.

ఆఖరుది తెలుగు భవనం. మాకూ కావాలనే ఉంది. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఒక గది ఉంటే చాలని మా నాన్న క్యాలెండరు గుర్తొస్తుంది. కానీ దీన్ని ఆరో అంశంగానే ఉంచుదాం. ముందుకు జరపవద్దు.

ఈ పోస్టు సగం రాశాక మొన్న రాత్రి ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. టీచరమ్మ ప్రశ్న అతన్ని వదల్లేదట. బండి వేసుకుని అల్లీపురం చెరువు కట్ట మీదికి వెళ్ళాడు. అక్కడ పనిచేసేవాళ్ళతో మాట్లాడాడు. తర్వాత మమ్మల్ని ఇలా అడిగాడు. "సార్, లెక్క చూస్తే వేసవిలో రోజు విడిచి రోజు ఇవ్వడం కుదరదని నాకే అర్థమైంది. ఆ మాట మీటింగులో చెబితే మీవాళ్ళు ఉత్తరం ఇస్తారా? పక్కవాడు వచ్చి రోజూ ఇస్తానంటాడు. నేను ఓడిపోతాను కదా?"

మాకు వెంటనే జవాబు రాలేదు. ఓడిపోవచ్చు, నిజమే. మనమే అలా ఓడించిన ఊరు ఇది. కాసేపాగి, "అబ్బాయ్, నువ్వు కట్ట మీదికి వెళ్ళావు చూడు, అది మీటింగులో చెప్పు. కాగితంలో మొదటి లైను కొట్టేసి, కుదిరేది ఏదో రాసుకుని రా. మిగతాది మేము చూసుకుంటాం" అన్నాం. చూసుకుంటామని అనేశాం గానీ, అది మా నలుగురి వల్ల అయ్యే పని కాదు.

అందుకే ఇంత పొడుగు రాసింది. వచ్చే ఆదివారం పదిన్నరకు అతను మళ్ళీ వస్తున్నాడు. వార్డులో నిలబడాలనుకునే మిగతా ఇద్దరినీ పిలుద్దామని సెక్రటరీ గారిని అడిగాం, సరే అన్నారు. ఒకరు కన్నడం మాట్లాడేవారు, ఒకరు ఉర్దూ. ముగ్గురికీ టీచరమ్మ అదే ప్రశ్న వేస్తుంది. అల్లీపురంలో నీళ్ళు ఎన్ని రోజులకు? తెలియదన్నవాళ్ళను వెళ్ళి చూసి రమ్మందాం. కుదరదన్నవాళ్ళకు చప్పట్లు కొడదాం, ఈసారి చేతులు నొప్పి పుట్టేలా. ఉత్తరం ఇవ్వాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం.

వెనక సందువాళ్ళను కూడా పిలిచాం. కుర్చీలు చాలకపోతే మనవాళ్ళు నిలబడండి. గేటు తీసే ఉంటుంది.